పొగాకు పనికి వాడరాదు

డిచ్‌పల్లి,
12 ఆగస్టు 2007

బోధన్‌లోని గోదావరక్కకు,

చెల్లెలు ప్రేమతో అడుగుతున్న ప్రశ్న ఒకటే: అందరికీ అని ప్రకటించిన వస్తువును ఒక్కరికి నిరాకరిస్తే, ఆ ప్రకటన నిజమా, అబద్ధమా?

నేనూ, నా సహాధ్యాయి నూరుల్లా ఏడాది శ్రమించి తెలుగులో టైపు చేసే సాఫ్ట్‌వేర్ రాశాం. దాని కోడు ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు, పంచవచ్చు. లైసెన్సులో మాత్రం నేనొక వాక్యం చేర్చాను: "పొగాకు పనిలో ఎవరూ దీన్ని వాడరాదు." కారణం నూరుల్లాకు కూడా చెప్పలేదు. ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టే అమ్మ దగ్గును మనిద్దరం వింటూ పెరిగాం. ఆమెకు ఆకు, పొగాకు ఇచ్చే ఏజెంటు రాజలింగు నా సాఫ్ట్‌వేర్‌తో ఒక్క అక్షరమైనా టైపు చేయకూడదన్నదే నా పంతం.

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లను సీడీలో చేర్చి ఊరూరా పంచే హైదరాబాద్ బృందం దాన్ని తిప్పి పంపింది. ఫలానా వాళ్లు, ఫలానా పనికి వాడరాదని అడ్డుపెడితే అది ఓపెన్ సోర్స్ కాదట. కోడు కనిపించడం ఒక్కటే చాలదట. షరతు పెట్టుకునే హక్కు నాదే, ఆ పేరు పెట్టుకునే హక్కు మాత్రం లేదట! నాలుగు పేజీల జవాబు రాశాను. నెలాఖరులోగా ఆ వాక్యం తీసేయకపోతే సీడీలో చోటుండదని తేల్చేశారు.

"నీ కోపం ఎందుకో నాకు తెల్వది. గని గా పేరు దీనికి పెట్టరాదు" అన్నాడు నూరుల్లా. అతనితో మాట్లాడటం మానేశాను.

నీ సుగుణ

కంఠేశ్వర్,
27 ఆగస్టు 2007

అక్కా,

ఓడిపోయాను. ఓడించింది హైదరాబాద్ వాళ్లు కాదు, బీడీ కార్మిక సంఘం ఖాసింబీ. గుర్తింపు కార్డుల దరఖాస్తులు టైపు చేయించుకుందామని, సెలవుకు నేనొచ్చి ఉన్న మన ఇంటికి వచ్చింది. నేను మాట్లాడకపోయినా కోడు పని మీద వచ్చి కూర్చున్న నూరుల్లా, నవ్వాపుకుంటూ నా వాక్యం చదివి వినిపించాడు.

"మేం జేసేది గూడ పొగాకు పనే గదా బిడ్డా! మాకు గూడ బందేనా?"

"మీకు గాదు ఆపా, ఏజెంట్లకే" అన్నాను.

"మరి రాజలింగు పెండ్లాం గూడ బీడీలు జేస్తది. ఆమెను ఎటు దిక్కు నిలవెడ్తవ్?"

మూడు రోజులు ఆ వాక్యాన్ని సవరిస్తూ కూర్చున్నాను. సంఘానికి మినహాయింపు ఇచ్చాను. చుట్టే ఆడవాళ్లకు ఇచ్చాను. వాళ్ల ఉత్తరాలు రాసిపెట్టే గుమాస్తాకూ ఇచ్చాను. ఎంత రాసినా ఎవరో ఒకరు బయటే మిగిలారు. ఎవరు అర్హులో తేల్చే ఏజెంటును నేనే అయ్యాను. వాక్యం కొట్టేశాను. నూరుల్లాకు అమ్మ సంగతి చెప్పాను.

నిన్న రాజలింగు వచ్చి కాపీ అడిగాడు. ఒళ్లు మండింది, అయినా నా చేత్తోనే ఇచ్చాను. అమ్మ చాట పక్కన పెట్టింది.

"వానికి గూడ ఇచ్చినవా?"

"ఇచ్చిన."

"మంచిగైంది. ఇగ కూసో. నా దగ్గు సంగతి, దవాఖాన ఖర్చు సంగతి టైపు జెయ్. మొదటి కాయిదం వానికే పోవాలె."

ఇప్పుడు అదే టైపు చేస్తున్నాను.

నీ సుగుణ