ఇరవై క్వింటాళ్ల పచ్చి పసుపు

మంగళవారం, ఫాల్గుణం

రేపు లెక్కల టీచర్ల శిక్షణలో కోడలు శిరీష అందరి ముందు పాఠం చెప్పాలి. ఊళ్లో నిజంగా జరిగే పనినే లెక్కగా ఇవ్వాలట. సాయంత్రం నేను దీపం పెడుతుంటే గోడకు చార్టు అంటించి చదువుకుంటోంది. ఇరవై క్వింటాళ్ల పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెడితే యాభై కిలోల బస్తాలు ఎన్ని కావాలి? నలభై అని జవాబు రాసింది.

చెరకు పండే బోధన్‌లో పెరిగిన పిల్ల. చెరకు నరికిన బరువుతోనే బండెక్కుతుంది. పసుపు అలా కాదు. చెబితే చిన్నబుచ్చుకుంటుందేమో, చెప్పకపోతే రేపు పసుపు పండే కమ్మర్‌పల్లి టీచర్లు నవ్వుతారు. హారతి అయ్యాక మెల్లగా అన్నాను.

"ఎండితే గంత ఉండదు బిడ్డా. ఐదు క్వింటాళ్లకు ఒకటి మిగుల్తది. నేలను బట్టి జర అటిటు."

"మరి జవాబెట్ల చెప్పాలె అత్తమ్మా?"

"మా బాపుకు గూడ కాంటా మీద పెట్టినంకనే తెలిసేది."

నవ్వి, నలభై కొట్టేసి ఖాళీగా ఉంచింది. "ఇంట్ల అడిగి రమ్మంట పిల్లల్ని."

శిక్షణ ఇచ్చే సారుకు జవాబు రాయని లెక్క నచ్చుతుందో లేదో.

కళ్లు మూసుకుంటే మా పుట్టింటి కల్లం కనిపిస్తోంది. టీచర్లంతా చెప్పులు విడిచి, అరికాళ్లు పచ్చబడుతుంటే, పసుపు కొమ్ములు విరిచి, బాగా ఎండితే టక్కుమనే ఆ చప్పుడు వింటున్నారు. శిరీష వాళ్ల మధ్య నిలబడి, ఎండిందా అని అడుగుతోంది. ఎవరూ తొందరపడి జవాబు చెప్పడం లేదు.

స్వామీ, రేపు దాని గొంతు వణకనీయకు.