వాణ్ణి చూసినవాళ్లు

ఆగస్టు 3, కార్నార్వన్

పోలీసులు వ్యాన్ తాళాలు ఇచ్చారు. సీట్ల కింద ఇంకా ఇసుక ఉంది. తమ్ముడు డారియో తువ్వాలు, గాలాల పెట్టె, సగం తిన్న బిస్కట్ ప్యాకెట్. ఏదీ కదపలేదు.

సార్జెంట్ హోల్ట్ మంచివాడు. నన్ను కూర్చోబెట్టి టీ తనే కలిపి ఇచ్చాడు. బ్లోహోల్స్ దగ్గర, సముద్రం రాళ్ల సందుల్లోంచి పైకి చిమ్మే చోట, రాళ్ల మీద నిలబడి చేపలు పడుతుంటే పెద్ద అల వచ్చి లాక్కుపోయిందమ్మా, జూన్‌లో వెతకాల్సినంతా వెతికాం, ఆ రాళ్ల దగ్గర పోయినవాళ్లని సముద్రం తిరిగివ్వదు అన్నాడు. వాణ్ణి చూశానని గ్లెనిస్ అనే ఆవిడ చేసిన ఫోన్ గురించి చెప్పాను. వెళ్లొద్దని అనలేదు. తల మాత్రం ఎత్తలేదు.

అమ్మ పోయాక డారియోని పెంచింది నేనే. మాది చేపల పడవల ఇల్లు. అలకి వీపు పెట్టకూడదని వాడికి నడక రాకముందే నేర్పాం. ఇన్నేళ్లూ ఒక సంచీ, ఈ వ్యాన్, ఈ తీరం. అవే వాడి సంసారం.

ఆగస్టు 4

పోయినవి దొరికించే పునీత అంతోనివారికి జపం. బయలుదేరాను.

ఆగస్టు 6

గ్లెనిస్ ఉత్తరాన హైవే మీద పెట్రోలూ తిండీ దొరికే రోడ్‌హౌస్ నడుపుతుంది. నేను పంపిన పోస్టర్ కూల్‌డ్రింకుల ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంది. అది చూసే నాకు ఫోన్ చేసింది.

కౌంటర్ దాటి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. జూలై సగంలో తల్లీ, ఇదిగో ఇక్కడే నిలబడ్డాడు, మాంసం కూరిన మీట్ పై చల్లారిపోయిందని నన్ను ఒకటే ఏడిపించాడు, మొహాలు నేను మర్చిపోను అంది. జూలై సగం. అల వచ్చింది జూన్‌లో.

పోస్టర్ ముందు చాలాసేపు నిలబడ్డాను. నాన్న నీలం ఉన్ని టోపీ లాక్కుని వీడు తలకి పెట్టుకుంటే చెల్లెలు పీనా తీసిన ఫొటో అది. వాడు కెమెరా వైపు తిన్నగా చూసింది అందులోనే.

నేనూ ఒక మీట్ పై తిన్నాను. చల్లగానే ఉంది. దేవునికి స్తోత్రం.

ఆగస్టు 9, ఎక్స్‌మౌత్

ఇంటి నుంచి పీనా ఫోన్. అక్కా, వాడు నీళ్లలో ఉంటే నువ్వు రోడ్డు మీద వెతకడమేంటి, నీవి అరిగిపోయిన మోకాళ్లు, ఆ వ్యాన్‌వి అరిగిపోయిన బ్రేకులు, మీరిద్దరూ కలిసి ఏ కంగారూనో గుద్దేదాకా ఆగవా అంది. గ్లెనిస్ చెప్పింది చెప్పాను.  నిజంగానా అంది. చిన్నప్పటి గొంతు.

ఆగస్టు 17, ఆన్‌స్లో

పడవల రేవులో రెగ్ అనే ముసలాయన పోస్టర్ చేతిలోకి తీసుకుని దూరంగా పెట్టి చూశాడు. వీడా, నా ఎరంతా వాడేసుకుని ఒక్క థ్యాంక్స్ కూడా చెప్పకుండా పోయాడు దొంగ వెధవ, అయినా మంచోడేలే అన్నాడు.

థ్యాంక్స్ చెప్పకపోవడం డారియో పద్ధతి కాదు. ఏదో తొందరలో ఉండి ఉంటాడు.

దారిలో ప్రతి రోడ్‌హౌస్‌లో, ప్రతి బేకరీలో పోస్టర్ ముందే ఉంటోంది. నేను పంపినవి కొన్ని. లారీ డ్రైవర్లు కాపీలు తీయించి తీసుకెళ్లినవి కొన్ని. నా కన్నా ముందు వెళ్తున్నాయి.

ఆగస్టు 28

బండ్లలోనే పడుకునేవాళ్లు ఆగే కారవాన్ పార్కులో పక్క చోటు మేవిస్, క్లైవ్‌లది. రిటైరయ్యాక ఇల్లమ్మేసి తిరుగుతున్న భార్యాభర్తలు. టీకి పిలిచారు. డారియో కూడా ఇదే కుర్చీలో కూర్చున్నాడట.

ఈ ఎండలో ఆ ఉన్ని టోపీ ఏంటి నాయనా, బుర్ర ఉడికిపోతుంది తియ్యి అన్నానండీ, వింటేనా అంది మేవిస్. క్లైవ్ తన బట్టతల తడుముకుంటూ, జుట్టున్నవాళ్ల గొడవ మనకెందుకులేవే అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఏ టోపీ అని అడిగాను.

నీలంది, అంచున తెల్ల చార ఉంటుందే, అదేనండీ అంది.

టీ పూర్తిగా తాగాను. కప్పు కడిగి ఇచ్చి వచ్చాను.

ఆగస్టు 29

రెండేళ్ల క్రితం ఆ టోపీని నాన్న శవపేటికలో, ఆయన చేతుల కింద పెట్టింది నేనే.

సెప్టెంబర్ 1

గ్లెనిస్‌కి ఫోన్ చేశాను. ఆ రోజు వాడి తల మీద టోపీ ఉందా అని అడిగాను. లేకేం తల్లీ, అదే టోపీ, అదే నవ్వు, ఇప్పటికీ నా కళ్ల ముందే ఉన్నాడు అంది. ఎందుకు అడుగుతున్నారంది. ఊరికే అన్నాను.

వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. నన్ను చూస్తున్నారు, కాగితం చూస్తున్నారు, వాడు బతికుంటే బావుణ్ణనుకుంటున్నారు. ఆ తర్వాత వాడు కనబడుతున్నాడు.

సాయంత్రం జపమాల తీశాను. బతికున్నవాడికి చెప్పే ప్రార్థన వేరు. పోయినవాడికి చెప్పేది వేరు. పూసలు గుప్పిట్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నాను.

సెప్టెంబర్ 4, పోర్ట్ హెడ్‌లాండ్

మళ్లీ పీనా ఫోన్. వాడి గది దులిపించిందట. పరుపు ఎండలో వేసింది. వాడికిష్టమని టమాటా సాస్ సీసాలకెత్తింది. ఫాదర్ గారితో ఆదివారం పూజలో కృతజ్ఞతా ప్రార్థన చెప్పించిందట. దొరకనీ అక్కా, ముందు నేను రెండు తగిలిస్తాను, తర్వాత నువ్వు ముద్దులు పెట్టుకో అని నవ్వింది. జూన్ తర్వాత అది నవ్వడం ఇదే మొదటిసారి.

ఇవాళ ఎవరైనా చూశారా అని అడిగింది.

ఇవాళ ఎవరూ చూడలేదన్నాను. అది నిజమే.

సెప్టెంబర్ 6

వెనక్కి తిరగాలి. తిరిగితే వాణ్ణి ఆ నీళ్లలో వదిలేసినట్టే. ఉత్తరానికే వెళ్తున్నాను. ఎవరినీ ఏమీ అడగడం లేదు. పెట్రోలు పోస్తూ వాళ్లే చెబుతున్నారు. నిన్ననే చూశాం, మొన్ననే చూశాం. చల్లగా ఉండండి నాయనా అంటున్నాను.

సెప్టెంబర్ 8, ఎయిటీ మైల్ బీచ్

బట్టలు ఉతికే షెడ్డు గోడ మీద మావాడి పోస్టర్. దాని పక్కన ఇవాళ కొత్తది ఒకటి.

అంటించిన మనిషి అక్కడే ఉన్నాడు. పేరు హెనింగ్. డెన్మార్క్. నా వయసే. మెడ అంతా ఎండకి కమిలిపోయింది. కూతురు లిస్బెత్ ఒంటరిగా ఈ తీరం చూడాలని వచ్చింది. అద్దె కారు హైవేకి దూరంగా పొదల్లో దొరికింది. తలుపు తీసి ఉంది. నీళ్ల సీసాలు ఖాళీ. పోలీసులు ఆయనకి చెప్పాల్సింది చెప్పేశారు.

మాటలు వెతుక్కుంటూ మాట్లాడాడు. మీరు ఇతని అక్కగారట కదా, మీవాణ్ణి దారంతా చూశారట కదా, అదృష్టవంతులండీ మీరు, మా పిల్లని ఒక్కరూ చూడలేదు అన్నాడు.

జేబులోంచి ఫొటో తీసి నాకిచ్చాడు. తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టాడు. పసుపు గౌను వేసుకున్న పిల్ల, గట్టు మీద కూర్చుని చెప్పులు విప్పుకుంటోంది. మీరు అంత దూరం నుంచి వచ్చారు కదా, కాస్త బాగా చూసి చెప్పండి అన్నాడు.

కళ్లజోడు వ్యాన్‌లో ఉండిపోయింది, పొద్దున చూస్తానన్నాను. కళ్లజోడు నా మెడలోనే వేలాడుతోంది. ఆయనకీ అది కనిపించింది. సరేనండీ, పొద్దున వస్తాను అన్నాడు.

సెప్టెంబర్ 9

చూశానని చెప్పాను. బ్రూమ్ వైపు వెళ్తోంది, బాగానే ఉంది అన్నాను.

ఏ బట్టలేసుకుంది అని అడిగాడు.

ఫొటోలో ఉన్నవే చెప్పాను.