ఆరున్నొక్కటి

తమ్ముడూ, కులాసానా? ఆలస్యంగా రాస్తున్నందుకు ఈ అక్కని తిట్టుకోకు, ఓడలో ఒకటే కడుపులో తిప్పుడు.

వచ్చే నెల ఇదే ఓడెక్కేముందు డబ్బు ఊళ్ళోనే మార్చుకోవాలా, దిగాక అవతలి రేవులోనా అని అడిగావుగా. నాలుగు డబ్బులు మిగులుతాయని నేను రేవుదాకా ఆగాను. అక్కడ కిటికీ వెనక మనిషికి మన భాష ముక్క రాదు, అంతా సైగలే. అలాంటివాడు నోట్లు లెక్కపెడుతూ, ఒకటి అనకుండా "లాభం, రెండు, మూడు" అన్నాడు. ఆరు తర్వాత ఏడు అనలేదురా, "ఆరున్నొక్కటి" అన్నాడు! కొట్లో ఏడుపు మాట వద్దని నాన్న బియ్యం కొలిచేటప్పుడు అనేవాడే, అచ్చం ఆ గొంతే. నాన్న పోయి మూడేళ్ళాయె. నోట్లు నా చేతిలో పెట్టి, "చిన్నోడెప్పుడొస్తాడమ్మా?" అన్నాడు. నిన్ను అలా పిలిచింది నాన్నొక్కడేగా. నోట్లు ఒక్కటీ తగ్గలేదు, నాన్న లెక్క కదా మరి.

నువ్వు మాత్రం ఊళ్ళోనే మార్చుకో, కమీషన్ పోతే పోనీ. ఆ కిటికీ దగ్గరికి వెళ్ళకు. కొట్టు తాళాలు మరదలి దగ్గరే ఉన్నాయా? బస్తాలకి తడి తగలనీకండి. పిల్లలకి ముద్దులు.

ఆదివారం మన రేవులో దిగుతున్నా. నువ్వు ఓడెక్కేలోపు నిన్ను కళ్ళారా చూడాలి. చిన్నోడా, ఎప్పుడొస్తావు?