తాతగారి ఎడమకాలు

ప్రియమైన నానమ్మకు,

నువ్వు కొలిచి పంపిన అంకెల ప్రకారమే తాతగారి కొబ్బరి కోరుపీటకు నకలు చెక్కాను. ఒకటే దుంగ, మేకు లేదు. ఇక్కడ ఆపియా పట్నంలో చేతిపనుల బడివాళ్లు ఈ పని నేర్పేవాళ్లకోసం వెతుకుతున్నారు. నిన్న పరీక్షకు పెట్టాను. బడి పెద్దావిడ సివైయాగారు సగం చిప్ప కోరేసరికి ఎడమవైపు జారి కిందపడ్డారు. "ఒరేయ్ పెనీ, ఇది పీటా, పడవా?" అన్నారు. అందరూ ఒకటే నవ్వు. ఇంకొక్క అవకాశం ఇచ్చారు. ఈసారీ జారితే పీటల పని నేర్పడమే మానేస్తారట. కొలత తప్పు రాశావా నానమ్మా?

నీ పెనియమినా

ప్రియమైన పెనియమినాకు,

నీ ఉత్తరంలో నాలుగు అక్షరదోషాలున్నాయి. నా కొలతల్లో ఒక్కటీ లేదు. మీ తాతకు ఎడమ మోకాలు వంగదు. ఆ కాలు చాపుకోవడానికి పీటను అటు వాల్చి చెక్కుకున్నారు. నువ్వు పీట కొలత అడిగావు, మనిషి కొలత అడగలేదు. మన సవాయీ దీవిలో గొడ్డలి పట్టేముందు, కూర్చోబోయే మనిషిని నిలబెట్టి పీచుతాడుతో మోకాలిదాకా కొలుస్తారు. ఎవరికోసమో చెప్పకుండా పీట కావాలంటే మీ తాత పొమ్మనేవారు. తాడు తీసుకుని సివైయా దగ్గరకు వెళ్లు. ముందు క్షమాపణ చెప్పు.

మీ నానమ్మ ఫెతువావో

ప్రియమైన నానమ్మకు,

చెప్పాను. "నా కాళ్లు కొలుస్తావా? మా ఆయన చూశాడంటే కొబ్బరికి బదులు నిన్ను కోరేస్తాడు" అంటూనే సివైయాగారు నిలబడ్డారు. కొత్త పీట మీద కాయ తర్వాత కాయ కోరుతూనే ఉన్నారు. లేవమంటే లేవరు. చివరికి పీటను చంకన పెట్టుకుని ఇంటికెళ్లిపోయారు. ఉద్యోగం నాదే నానమ్మా! తాతగారి పీటను బడిలో అద్దాల పెట్టెలో పెడతామంటున్నారు. నువ్వు ఒప్పుకోవని చెప్పాను. అయినా అడుగుతున్నాను, పంపుతావా?

నీ పెనియమినా

ప్రియమైన పెనియమినాకు,

పంపుతాను. అద్దాల పెట్టె మాత్రం వద్దు. మోకాలు వంగనివాళ్లు ఎవరైనా వస్తే కూర్చోబెట్టు.

ఇంత సులువుగా ఇస్తున్నానని ఆశ్చర్యపోకు. మీ తాత పోయాక ఆదివారం భోజనానికి కొబ్బరి కోరేది నేనే. ప్రతి వారం ఎడమకు జారడం, ఎడమకాలు నేలకు తన్నిపెట్టి ఆపుకోవడం. ఆయన పీట కదా అని ఎవరితోనూ అనలేదు. నా రెండు మోకాళ్లూ బాగానే వంగుతాయి.

శనివారం పడవకు రా. తాడు తెచ్చుకో. ఈసారి అంకెలు రాసి పంపను.

నీ రాకకోసం చూస్తూ,
నానమ్మ