దాపట, ఎలపట

బోధన్, 9-12-1963

చెల్లె శ్యామలకు అన్న ఆత్మారాం దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాము.

ఎడ్లను అమ్మి నువ్వూ బోధన్ రావాలా అని అడిగావు. ఫ్యాక్టరీ హాకీ జట్టులోకి కొత్తగా తీసుకున్న నీ కొడుకు లింబాద్రి అందులో నిలుస్తాడా అన్నదే కదా నీ బెంగ. నిన్న నిజామాబాద్‌లో వాడి ఆట చూశాను. గోలు ముందు ఫుల్‌బ్యాక్‌గా నిలబెట్టారు. బంతి వచ్చే వైపు ముందే పసిగట్టి, ఎడమ కుడి అనకుండా, ఎడ్లకు చెప్పినట్టు "దాపట! ఎలపట!" అని గోల్‌కీపర్‌కు అరిచాడు. జనం నవ్వారు. గోల్‌కీపర్ ఇషాక్ మాత్రం ఆ మాటలు నేర్చుకున్నాడు. వాడు చెప్పిన వైపే దూకి బంతులు ఆపాడు. చివర్లో ఎదుటి జట్టువాడొకడు కాలి మీద కొట్టగానే మనవాడు కోపంతో జాగా విడిచి వాడి వెంట ఉరికాడు. ఆ సందులోంచే గోలు పడింది. ఓడిపోయాము.

కెప్టెన్ అబ్బాస్ సాబ్ నాతో, "పోరని నజర్ మంచిగుంది ఆత్మారాం. గుస్సనే తగ్గాలె. గీ సీజన్ దాక ఉంచుకుంట, అటెన్క సూద్దాం" అన్నాడు. నాకూ అదే సరి అనిపించింది.

"మామా, ఓడినమని అవ్వకు రాయకు" అన్నాడు లింబాద్రి. నీకు తెలియాలని రాశాను.

చలి ఎక్కువగా ఉంది, వాడి గొంగడి పంపు. దాపటెద్దు గిట్ట మానిందా? వాడు రోజూ అడుగుతున్నాడు. బావ లేని ఇల్లు, పసుపు తవ్వే నాటికి నేనే వస్తాను. అంతవరకు ఎడ్లను అమ్మకు. వాణ్ణి వెనక్కి పిలవకు.

నీ అన్న
ఆత్మారాం