చాప ఎత్తిన చోట

అత్తయ్యగారికి,

మీ మోకాళ్లు ఎలా ఉన్నాయని అడగడానికి నాకు ముఖం చెల్లడం లేదు. అయినా రాస్తున్నాను.

మీరు వదినగారింటికి వెళ్లి మూడు వారాలైంది. మన చెక్కనేల మాత్రం ఇంకా కాళ్లకు అంటుకుంటూనే ఉంది. మీ మోకాళ్ల నూనె వల్లే ఈ జిగటంతా అని ఆ రోజు అందరి ముందూ అనేశాను. "సరేలేమ్మా, ఇక రాసుకోను" అన్నారు మీరు. మర్నాటి నుంచి గోడ పట్టుకుని నడిచారు.

నిన్న మీ గది సర్దుతూ, మీరు నూనె రాసుకునే చాప ఎత్తాను. చాప నిండా మరకలే గానీ, దాని కింద నేల నున్నగా ఉంది. ఇల్లంతటిలో నేను తుడవని చోటు అదొక్కటే. అనుమానమొచ్చి వంటగదిలో వేడినీళ్ల గుడ్డతో రుద్దితే తెల్లటి నురగ వచ్చింది. బాగా మెరవాలని బకెట్లో ఒక మూతకు బదులు మూడు మూతలు లిక్విడ్ పోసేదాన్ని కదా, అదే పొరలు కట్టింది. ఉత్త నీళ్లతో ఇంకోసారి తుడవమని మీరు మొదట్లోనే చెప్పారు. మీకేం తెలుసులే అనుకున్నాను.

మీ అబ్బాయికి చెబితే, "నాకెందుకు, అమ్మకు చెప్పు" అన్నారు.

ఇంకొక్క మాట. వెళ్లే ముందు మీరు ఆ నూనె సీసా మూత తీయబోయి, రాక వదిలేశారు. నేను గుమ్మంలోంచి చూశాను. దాన్ని అంత గట్టిగా బిగించింది నేనే. ఇప్పుడు వదులు చేసి చాప పక్కనే పెట్టాను.

మీ కోడలు