నార్మన్ విచారణలో నీ ఉత్తరం

బర్న్లీ, 9 మే 1940

నాయనా క్లిఫర్డ్, నాయనమ్మ దీవెనలు. మేం బాగానే ఉన్నాం, బెంగంతా పటాలంలో ఉన్న నీ గురించే.

యుద్ధానికి రానన్నాడని నీ తమ్ముడు నార్మన్‌ను సోమవారం విచారణకు పిలిచారు. జైలు తప్పదనుకున్నాను. జడ్జిగారు, "జర్మనీ సిపాయి మీ నాయనమ్మ మీద పడితే ఏం చేస్తావోయ్?" అన్నారు. వీడు నోరు తెరిచేలోగా నేనే లేచాను. "మా పొయ్యి దగ్గర ఇనపఊచ ఉంది బాబూ, వచ్చినవాడి సంగతి నేను చూసుకుంటా. పిల్లాణ్ణి వదిలెయ్యండి" అన్నాను. అందరూ నవ్వారు. అప్పుడు నీ ఉత్తరం చదివారు. "ఫాసిస్టులను తుపాకీతోనే ఆపాలని నేను, తుపాకీ పట్టనే కూడదని వాడు, మా ఆకుపచ్చ చొక్కాల యువజన సంఘంలో మూడేళ్ళు కొట్లాడుకున్నాం. వాడు మొండివాడే గాని పిరికివాడు కాడు" అని రాశావు. దాంతో జైలు తప్పించి ఆసుపత్రి పనికి వేశారు. నీ కడుపు చల్లగుండాలి నాయనా.

దగ్గు తగ్గిందా? మేజోళ్ళు చాలుతున్నాయా? ఓడ ఎక్కించేముందు కబురు చెయ్యి, లేకపోతే నాకు నిద్ర ఉండదు.

మీరిద్దరూ మాట్లాడుకుని ఏడాదయింది. అందుకే అడుగున రెండు వేళ్ళ చోటు వాడికి వదిలాను. దేవుడు నిన్ను కాయాలి.

నాయనమ్మ

అన్నయ్యా, ఇప్పటికీ నీ మాట ఒప్పుకోను. మన తగవు సగంలో ఉంది, అది తేల్చడానికైనా తిరిగి రా. – నార్మన్